మరిడమ్మ ముద్ర

నేను అబద్ధం ఆడలేదు. ఊరుకున్నానంతే. ఈ రెంటికీ చాలా తేడా ఉందని ఆ రోజుల్లో గట్టిగా నమ్మేవాణ్ణి. నమ్మకపోతే ఆ ఉద్యోగం చెయ్యలేను మరి.

అది వ్యయనామ సంవత్సరం, అంటే దొరల లెక్కలో పద్దెనిమిది వందల ఎనభై ఆరు. చైత్రమాసపు ఎండలు మండిపోతున్నాయి. మొగల్తూరుకి సముద్రం వైపున్న పల్లెపాలెంలో మశూచికం టీకాలు వెయ్యమని నన్ను పంపారు. నా పేరు సత్తియ్య. నలభయ్యేళ్లవాణ్ణి, కోపిష్ఠివాణ్ణి, పైగా ఊరూరా తిరిగి మాటలు పడి పడి ఆ కోపం మరింత ముదిరినవాణ్ణి. ఏ ఊరు వెళ్లినా నన్ను చూడగానే తల్లులు పిల్లల్ని ఎత్తుకుని తలుపులు వేసుకునేవారు. నేనేదో పిల్లల్ని పట్టుకుపోయేవాణ్ణి అన్నట్టు.

అప్పట్లో టీకా మందు ఇప్పటిలా సీసాల్లో వచ్చేది కాదు. ఒక పిల్లవాడి చేతి మీద టీకా వేస్తే ఎనిమిదో రోజుకి పొక్కు పక్వానికి వస్తుంది. ఆ పొక్కులోని రసం తీసి రెండో పిల్లవాడి చేతి మీద గీతలు గీసి పట్టించాలి. వాడి నుంచి మూడోవాడికి. అందుకని ఊరు మారినప్పుడల్లా పక్వానికొచ్చిన చెయ్యి ఉన్న పిల్లవాణ్ణి, వాడి తల్లిని బతిమాలి వెంట తీసుకువెళ్లాలి. రసాన్ని రెండు గాజు బిళ్లల మధ్య ఆరబెట్టి దాచుకోవచ్చు గాని, ఎండాకాలంలో ఆ గాజు బిళ్లల రసం పట్టిందంటే అదృష్టమే.

పల్లెపాలెంలో మూడు రోజులు చేపలు ఎండేసిన ఇసకలో బల్ల వేసుకుని కూర్చున్నాను. కాకులు తప్ప నా దగ్గరికి ఎవరూ రాలేదు. మొగల్తూరు నుంచి తెచ్చిన పిల్లవాడి చేతి మీద పొక్కు వాడిపోతోంది. ఇంకొక్క రోజు గడిస్తే అందులో రసం ఉండదు. ఏటికి అవతల ఊళ్లలో అప్పటికే మశూచికం వచ్చి ఉంది. నాకు అన్నం సయించలేదు.

మూడో రోజు సాయంత్రం పెద్దింట్లమ్మ వచ్చి నా బల్ల పక్కన చతికిలబడింది. మశూచికం తెచ్చే అమ్మవారని జనం కొలిచే మరిడమ్మ గుడి ఊడ్చి దీపం పెట్టే ముసలామె. పాలెంలో ఆమె మాటంటే మాటే.

"టీకా అంటే ఎవరూ రారండి," అంది. "అమ్మ ముద్ర అంటే వస్తారు. నేను చెబుతానండి. మీరు కాదనకుండా ఉంటే చాలు."

"ఏమని చెబుతావు?"

"అమ్మ కలలో కనపడింది, నా బిడ్డల చేతుల మీద ముద్ర వేయించండి, ముద్ర ఉన్నోళ్ల జోలికి నేను కోపంతో రాను అందని చెబుతానండి."

"నిజంగా కనపడిందా?"

ముసలామె నావైపు జాలిగా చూసింది. "నా మనవళ్లు ముగ్గురు పోయారండి బాబూ. కనపడితే ఏంటి, కనపడకపోతే ఏంటి?"

నేను తలూపనూలేదు, కాదననూలేదు.

మర్నాడు తెల్లారేసరికి డప్పు మోగింది. పసుపు నీళ్లతో స్నానాలు చేయించి, పిల్లల్ని చంకనెత్తుకుని తల్లులు గుడి ముందు బారులు తీరారు. నలభై ఆరుగురు పిల్లలు! అంతమందిని ఒక్క రోజులో నా జన్మలో చూడలేదు. పొంగిపోయాను. నేను కత్తి తుడుచుకుంటుంటే వెనకాల ఎవరో అడిగారు, ముద్ర లేవకపోతే ఏంటని. "లేచిందంటే అమ్మ ఒప్పుకున్నట్టు. లేవలేదంటే ఆ తల్లి ఏదో మైల కలిపినట్టు," అంది పెద్దింట్లమ్మ. ఆ మాట నా చెవిన స్పష్టంగా పడింది. అప్పుడైనా వెనక్కి తిరిగి ఉండాల్సింది. బారు పెద్దది, ఎండ ముదురుతోంది, కత్తి తుడుచుకుంటూనే ఉన్నాను.

ముప్పైనాలుగో పిల్లవాడితో మొగల్తూరు కుర్రాడి చేతి పొక్కులో రసం అయిపోయింది. మిగతా పన్నెండుమందికి గాజు బిళ్లలు తీశాను. అవి పది రోజులు నా పెట్టెలో ఎండకి కాగినవి. పట్టవేమోనని తెలుసు. కాని బారులో నిలబడ్డ తల్లిని వెనక్కి పంపితే రేపు ఆమె తల ఎట్లా ఎత్తుకుంటుంది? అందుకని వేసేశాను. ఆ పన్నెండుమందిలో చిట్టచివరిది పాపాయి. రెండేళ్ల పిల్ల. గీతలు గీస్తుంటే ఏడవకుండా నా మీసాలకేసి చూస్తూ కూర్చుంది. తల్లి రత్తమ్మ మొహం నిండా మశూచికం మచ్చలు. చిన్నప్పుడు వచ్చి బతికి బయటపడ్డ మనిషి.

"నాకొచ్చినట్టు దీనికి రాదు కదండీ?" అని అడిగింది.

"రాదమ్మా," అన్నాను.

ఎనిమిదో రోజున మళ్లీ గుడి ముందు బారు తీరారు. మళ్లీ డప్పు. ఒక్కొక్క తల్లి పిల్ల చెయ్యి పైకెత్తి చూపించడం, నేను బాగుందనడం, ఆడవాళ్లంతా చేతులు జోడించడం. నలభై ఆరుకి నలభై ఆరూ లేచాయి. గాజు బిళ్లలు వేసిన పన్నెండూ లేచాయి! పై అధికారి ఇది వింటే నన్ను నెత్తిన పెట్టుకుంటాడనుకున్నాను. బుర్ర ఉన్నవాడైతే ఆ లెక్క వినగానే అనుమానపడాలి. నాకు గర్వం వచ్చింది.

పాపాయి చెయ్యి దగ్గర మాత్రం ఒక్క క్షణం ఆగాను. టీకా పొక్కు ముత్యంలా ఉబ్బి నడుమ చిన్న గుంట పడి ఉంటుంది. చుట్టూ ఎర్రటి వలయం ఉంటుంది. పాపాయి చేతి మీద ఉన్నది చప్పిడిగా ఉంది, అంచులు నల్లగా కమిలి ఉన్నాయి. బట్టలకి గుర్తులు పెట్టడానికి చాకలివాళ్లు వాడే నల్లజీడి రసం చర్మానికి తగిలితే సరిగ్గా అలాగే పొక్కుతుంది. అది నాకు తెలుసు. రత్తమ్మ ఊపిరి బిగపట్టి నన్నే చూస్తోంది. ఆమె వెనకాల పాలెం అంతా చూస్తోంది. లేవలేదు అంటే ఈ జనం ముందు ఈమె గతేంటి?

"బాగుంది," అన్నాను.

రేపు ఎప్పుడైనా చాటుగా పిలిచి మళ్లీ వేద్దామనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. ఆ మధ్యాహ్నమే బుజ్జిబాబు అనే కుర్రాడి చేతి నుంచి మంచి రసం తీసి గాజు బిళ్లల మీద ఆరబెట్టి, తడిగుడ్డ చుట్టి, తడి ఇసక పోసిన ముంతలో పెట్టాను. మర్నాడు పొద్దున్నే పై ఊరికి బయలుదేరాల్సి వచ్చి, పాపాయి సంగతి తిరుగు ప్రయాణంలో చూసుకుందాంలే అని పడవెక్కాను.

పడవ నడిపేవాడు బుల్లియ్య, పాపాయి తండ్రి. మనిషి మంచి హుషారుగా ఉన్నాడు.

"మీ దయవల్ల ఇవాళ మనసు నిమ్మళంగా ఉందండి," అన్నాడు గెడ వేస్తూ. "నిన్నటేళకి మా ఆడదాని పుట్టింటి నుంచి కబురొచ్చిందండి. చినలంకలో మా బావమరిది పల్లంరాజుని అమ్మ చూసిందంట. ఒళ్లంతా పోసేసిందంట. మంచినీళ్లిచ్చే దిక్కు లేదు. నిన్న సాయంత్రమే దాన్ని దింపేసి వచ్చానండి."

"రత్తమ్మకి ఫరవాలేదు. ఒకసారి వచ్చినవాళ్లకి మళ్లీ రాదు," అన్నాను. ఆ మాట పూర్తవుతుండగానే పాపాయి గుర్తొచ్చింది. "పిల్లేది బుల్లియ్యా?"

"తల్లితోనే వెళ్లిందండి. పాలు మానలేదు కదా. అయినా దానికేం భయమండి, ముద్ర ఉందిగా! ముద్రున్న పిల్లని రోగి తలవైపు కూర్చోబెట్టి వేపరొట్టతో విసిరిస్తే అమ్మ చల్లబడుద్దని పెద్దింట్లమ్మ చెప్పిందండి."

చినలంక ఏటికి అవతల, ఎదురు నీట్లో మూడు గంటల దారి. రాత్రంతా గడిచింది. పొద్దు బాగా ఎక్కింది. ఆ పిల్ల మశూచికం మంచం పక్కన కూర్చుని విసురుతూ ఉంటుంది.

"పడవ తిప్పు," అన్నాను.

"ఏంటండీ?"

"చినలంకకి తిప్పు. తొందరగా."

"ఏంటండీ బాబూ, ఏం జరిగిందండి?"

నీ భార్య నల్లజీడితో పిల్ల చెయ్యి కాల్చింది, నేను చూసి కూడా బాగుందన్నాను అని ఆ మనిషికి నడి ఏట్లో ఎట్లా చెప్పను? "పిల్ల చెయ్యి ఇంకోసారి చూడాలి," అన్నాను. అతను నా మొహం చూశాడు. ఇంకేమీ అడక్కుండా గెడ దింపాడు. ఆ తరువాత ఎంత బలంగా వేశాడంటే గెడ విరుగుతుందేమోనని భయపడ్డాను. ముంత ఒళ్లో పెట్టుకుని, ఎండ తగలకుండా ఉత్తరీయం కప్పి, ఆ మూడు గంటలూ కూర్చున్నాను. జబ్బు అంటిన మూడు రోజుల లోపల టీకా పడితే ఆపుతుందని పెద్దవాళ్లు చెప్పగా విన్నాను. పడితే. బిళ్లలు చల్లగా ఉన్నాయో లేదోనని ముంతలో వేలు పెట్టి చూడటం, మళ్లీ కప్పడం. ఎన్నిసార్లు చూశానో నాకే తెలియదు.

పల్లంరాజు ఇంటి చూరుకి వేపరొట్టలు కట్టి ఉన్నాయి. గుమ్మం ముందు పసుపు నీళ్ల కుండ. వాకిట్లో పదిమంది దాకా చుట్టుపక్కలవాళ్లు కూర్చుని ఉన్నారు. చెప్పులు విడిచి లోపలికి తొంగిచూశాను. అరిటాకుల మీద పల్లంరాజు పడుకుని ఉన్నాడు, మొహం గుర్తుపట్టేలా లేదు. తలవైపు పాపాయి. రెండు చేతులా వేపకొమ్మ పట్టుకుని, ఊపి ఊపి అలసిపోయి, ఆకులు అతని నుదుటి మీద ఆనించి కునికిపాట్లు పడుతోంది.

నేను పిల్లని లాక్కుని బయటికి వచ్చేశాను. వాకిట్లో గగ్గోలు లేచింది. అమ్మ దగ్గర నుంచి బిడ్డని లాగడమేంటని ఒక ముసలాయన కర్ర ఎత్తాడు. రత్తమ్మ పరిగెత్తుకొచ్చింది.

"దీని చేతికి ఇంకోసారి వెయ్యాలమ్మా," అన్నాను.

"ఎందుకండీ?" అంది. మొహంలో నెత్తురు చుక్క లేదు. ఎందుకో ఆమెకి తెలుసు.

ఇక్కడ నాకు తేలికైన దారి ఒకటి కనిపించింది. అమ్మ రెండో ముద్ర అడుగుతోంది అంటే చాలు. రత్తమ్మ పరువు నిలుస్తుంది, బుల్లియ్యకి సంగతి తెలియదు, పిల్లకి టీకా పడుతుంది, పల్లెపాలెంలో నా మాట నిలబడుతుంది. మాట నాలుక చివరిదాకా వచ్చింది. కాని ఆ పిల్ల వేపకొమ్మ ఇంకా వదల్లేదు. దాన్ని చూస్తూ ఆ మాట అనలేకపోయాను. నాకంత ధర్మబుద్ధి ఉండి కాదు, భయం వేసింది.

"ముద్రా లేదు, గిద్రా లేదు," అన్నాను. గొంతు నా అదుపు తప్పి అరుపులా వచ్చింది. "మరిడమ్మకీ దీనికీ సంబంధం లేదు. ఇది మందు. పట్టిన చేతికి పట్టింది, పట్టని చేతికి పట్టలేదు. పట్టకపోతే తల్లి తప్పు కాదు, నా గాజు బిళ్లల తప్పు. దీని చేతికి పట్టలేదు. నాకు ఆ రోజే అనుమానం వచ్చింది. అయినా బాగుందన్నాను."

బుల్లియ్య భార్య వంక చూశాడు. ఆమె అతని వంక చూడలేదు.

"నల్లజీడి పెట్టిన చెయ్యి నాదేనండి," అంది మెల్లగా. "ముద్ర లేవలేదని తెలిస్తే నన్ను రేవులో నీళ్లు కూడా ముట్టుకోనివ్వరని పెట్టాను. బిడ్డ కెవ్వున ఏడిస్తే నోరు మూసి పెట్టాను. రాత్రుళ్లు నిద్ర పట్టలేదండి. మీ ముందుకి తెచ్చినప్పుడు మీరు చూసి తిడతారనుకున్నాను. తిడితే బాగుండనుకున్నాను. మీరేమో బాగుందన్నారు." ఆమె గొంతు పెరిగింది. "అంత చదువుకున్నాయన, వందలమంది చేతులు చూసినాయన, బాగుందంటే ఏమనుకోవాలండి నేను? అమ్మ దయతలచి నా దొంగముద్రనే ఒప్పుకుందనుకున్నాను. నా చేతిని నేను నమ్మలేదండి. మీ మాట నమ్మాను. నమ్మబట్టే తెచ్చి అక్కడ కూర్చోబెట్టాను!"

నన్ను చాలామంది చాలా తిట్లు తిట్టారు, రాళ్లు కూడా రువ్వారు. అవేవీ నాకు ఇంత తగల్లేదు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

"ఇప్పుడు వేస్తే పనిచేస్తుందా?" అని అడిగింది.

"తెలియదు," అన్నాను. "ఈ రసం తీసి ఒక్క రోజే అయింది. పట్టొచ్చు. పట్టకపోవచ్చు. పట్టినా, జబ్బు కంటే ముందు పరిగెత్తుతుందో లేదో చెప్పలేను."

ఆమె పాపాయి చేతిలోంచి వేపకొమ్మ తీసేసి, రెండో చెయ్యి, కాలని చెయ్యి, నా ముందు పెట్టింది. నాలుగు చోట్ల గీశాను. ఈసారి పిల్ల ఏడ్చింది.

ముంత సర్దుకుని లేవబోతుంటే రత్తమ్మ చాప ఒకటి తెచ్చి వాకిట్లో పరిచింది.

"ఎక్కడికండీ? ఎనిమిదో రోజు దాకా ఇక్కడే ఉండండి. దాన్ని రోజూ చూడండి."

పై ఊళ్లో నా కోసం చూస్తుంటారని, పని ఉందని చెప్పబోయాను. ఆమె మొహం చూసి చాప మీద కూర్చున్నాను. ఆ ఎనిమిది రోజులూ ఆ చాప మీదే ఉన్నాను. వాకిట్లో జనం నాతో మాట్లాడటం మానేశారు. మరిడమ్మని కాదన్నవాడికి మంచినీళ్లివ్వడానికి కూడా జంకారు. బుల్లియ్య భార్యతో మాట్లాడలేదు, నాతోనూ మాట్లాడలేదు. రేవులో పడవ మీదే వండుకుని, పిల్లకి మాత్రం రోజూ ఒక చేప కాల్చి తెచ్చి ఇచ్చేవాడు. మూడో రోజున గీతలు ఎండినట్టు కనిపించాయి. నాలుగో రోజున ఒకచోట ఎర్రబడింది. గీరుకుంటే ఎర్రబడిందో, లోపల్నుంచి ఎర్రబడిందో తెలియక పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం ఆ చెయ్యే పట్టుకు కూర్చున్నాను. ఆరో రోజున పిల్ల ఒళ్లు వెచ్చబడింది. అది టీకా జ్వరమో, రెండోదో! అదే రోజున పల్లంరాజు పోయాడు.

ఎనిమిదో రోజు పొద్దున రత్తమ్మ పిల్లని తెచ్చి నా ఎదురుగా ఎండలో కూర్చోబెట్టింది. బుల్లియ్య కూడా వచ్చి పక్కన నిలబడ్డాడు.

"చూసి చెప్పండి," అంది.

చూశాను. దగ్గరగా చూశాను, దూరంగా పట్టుకుని చూశాను, వేలితో అంచులు తడిమి చూశాను. బాగుంది అన్న మాట నలభై ఆరుసార్లు ఎంత తేలిగ్గా అన్నానో గుర్తొచ్చింది.

"నాలుగింటిలో మూడు పట్టలేదు," అన్నాను. "ఒకటి పట్టింది. ఇదిగో, నడుమ గుంట చూడు. ఇది నిజమైన పొక్కే. కాని ఒక్కటే. జబ్బు అసలు రాదని చెప్పలేను. వస్తే తక్కువగా రావచ్చు. ఇంకో వారం దాకా నాకూ తెలియదు."

నా మాటే నిజమైంది. మరుసటి వారంలో పాపాయికి జ్వరం వచ్చింది, ఏడంటే ఏడు పొక్కులు పోసింది, తగ్గిపోయింది. ఆ సంగతి తరువాత ఎప్పుడో బుల్లియ్య చెప్పాడు. ఆ పొద్దున మాత్రం మా ముగ్గురికీ ఏమీ తెలియదు.

రత్తమ్మ పిల్లని ఒళ్లోకి లాక్కుని, చెయ్యి మీద ఎండ పడకుండా కొంగు కప్పింది. ఏదో తేల్చుకుంటున్నట్టు నన్నే చూసింది.

"సత్తియ్యగారండీ, మీకో సంగతి చెప్పలేదు," అంది. "చెబితే మళ్లీ ఏదో ఒకటి చెప్పి కప్పేస్తారనుకున్నానండి. పైగా ఇది నా ఒక్కదాని పరువు కాదు."

"ఏంటమ్మా?"

"ఆ నల్లజీడి గింజ నేను తెచ్చుకున్నది కాదండి. వాడగా మిగిలింది నాకిచ్చారు."

పన్నెండు గాజు బిళ్లల చేతులు. పన్నెండులో ఒకటి పట్టకపోవడం మామూలే అని ఎనిమిది రోజులుగా సమాధానం చెప్పుకుంటూ, ఈ ఒక్క చెయ్యీ పట్టుకు కూర్చున్నాను.

"ఎవరిచ్చారు?"

"మా పక్కింటి కోడలు. దానికి వాళ్ల చిన్నత్త ఇచ్చిందంట."

"ఎంతమంది రత్తమ్మా?"

బుల్లియ్య అప్పటికే పడవ తియ్యడానికి రేవు వైపు పరిగెత్తుతున్నాడు. రత్తమ్మ కళ్లు మూసుకుని, పాలెంలో ఇళ్ల వరసన ఆ తల్లుల పేర్లు చెప్పడం మొదలుపెట్టింది. నేను ఒక్కొక్క వేలూ మడుస్తూ విన్నాను. ఒక చేతి వేళ్లు అయిపోయి రెండో చేతికి వచ్చాను. ఆమె ఇంకా చెబుతూనే ఉంది.